మోటారు ప్రమాదము – గ్రామపెద్దల ధర్మము



నేడు నేను ప్రసంగింపదలచిన విషయము మోటారు ప్రమాదము. ప్రమాదము జరుగకుండ నేమి చేయవలెనను సంగతి వేఱొక ప్రసంగమునకు చాలినంత కలదు. జరిగిన పిమ్మట గాయపడినవానికిని, మరణించినవాని కుటుంబమునకును చట్టమేమి యొసగుచున్నది, బీమా సొమ్ము ఎవరికి చెల్లును, అది చేతి కందవలెనన్న మొదటి దినములలో నేమి చేయవలెను అనునదియే నేడు చెప్పబూనినది.

ఇది వకీళ్లకు విడువవలసిన విషయము గదా, పల్లెటూరి పెద్దలతో ముచ్చటింపనేల యని కొందఱడుగవచ్చును. ప్రమాదము జరిగిన గంటలో బాధితుని చుట్టు నుండువారు వకీళ్లు కారు, మీరే. ఆ గంటలో మీ నోట వచ్చిన మాటనుబట్టి ఆ కుటుంబము తరువాతి యిరువదియేండ్లు ఎట్లు బ్రదుకునో నిర్ణయమగుచున్నది. నేనును వకీలును కాను. తెలుగు, సంస్కృతము బోధించి ఉద్యోగమునుండి విరమించినవాడను. కాగితములు చదివి యర్థము చెప్పుమని ఊరివారు నా యరుగునకు వచ్చుచుండుటచేత ఈ చట్టమును నేను చదువవలసి వచ్చినది.

మన గ్రామములలో నాచార మొకటి కలదు. రహదారిమీద కారు తగిలి ఒకడు పడిపోవును. జనము మూగుదురు. కారు యజమాని బెదరి తెలిసినవారిని పిలిపించును. ఇరువైపుల పెద్దలు కూర్చుండి, “పోయినవాడు తిరిగి రాడు, కోర్టుల చుట్టు తిరుగుటకు వీరికి శక్తి లేదు, ఆ డ్రైవరును బిడ్డలు గలవాడే, ఏదో యొకటి యిప్పించి ముగింతము” అని నిశ్చయింతురు. ఏబదివేలో, లక్షయో మాట యగును. కాగితముమీద వేలిముద్ర పడును. ఠాణాలో ఫిర్యాదుండదు. సాయంకాలమునకు దహనము ముగియును. ఇందు పెద్దల మనస్సున దుర్బుద్ధి యేమియు లేదు, ఉన్నది దయయే. కాని ఆ దయకు మూలమైన లెక్క తప్పు. పరిహారము కారు యజమాని జేబునుండి రావలెనని వారు తలంచుచున్నారు. చట్టము దానిని బీమా సంస్థ ఖజానానుండి ఇప్పించుచున్నది.

నా యొద్ద చదువుకొనినవాడొకడు తాపీపని చేయుచు సంసారము నడపుకొనుచుండెను. ఒకనాడు పనినుండి తిరిగి వచ్చుచుండగా కారు తగిలి చనిపోయెను. పెద్దలు ఎనుబదివేలకు రాజీ కుదిర్చిరి. సగము ఆనాడే ముట్టెను; తక్కిన సగము నేటికిని ముట్టలేదు. కొంతకాలమునకు అతని భార్య ఆ రాజీ కాగితమును నా చేతికిచ్చి, “పంతులుగారూ, మిగిలిన డబ్బు వచ్చు మార్గమేదైన నున్నదా?” యని యడిగినది. విచారింపగా ఆ దినమున ఆ కారునకు బీమా అమలులోనే యున్నదని తేలినది. కాని పోలీసు కేసు లేదు, శవపరీక్ష లేదు, ఆసుపత్రి చీటి లేదు. అతడు ఆ కారు తగిలియే మరణించెననుటకు ఆ రాజీ కాగితము తప్ప వేఱాధారము లేదు. ఆ కాగితమున కారు సంఖ్యయైన వ్రాయలేదు. ఆమె కోల్పోయిన దెంతయో, లెక్క చెప్పునప్పుడు మీరే గ్రహింతురు.

ఇక బీమా యననేమో చూతము. పూర్వకాలమున బండి ప్రమాదములు లేకపోలేదు. మానవధర్మశాస్త్రము ఎనిమిదవ అధ్యాయమున వీనిని గూర్చిన ప్రకరణమే యున్నది. ఎద్దు ముక్కుత్రాడు తెగుట, కాడి విఱుగుట, ఇరుసు విఱుగుట, చక్రము విఱుగుట, తొలగిపొమ్మని తోలువాడు ముందుగా కేకవేసి యుండుట మొదలైన పది సందర్భములలో దండన లేదని యందు చెప్పబడినది. తోలువానికి నేర్పు లేక హాని కలిగినచో దండువు యజమానికి. తోలువాడు నేర్పరి యయ్యు హాని చేసినచో దండువు వానికే. నేర్పు లేనివానికి పగ్గములిచ్చిన యజమాని తప్పించుకొనరాదను న్యాయము ఇందు కలదు. గాయపడినవాని చికిత్స వ్యయమును గాయపఱచినవాడే పెట్టుకొనవలెనని ఆ యధ్యాయమందే వేఱొకచోట నున్నది. కాని బండివాడు చెల్లించు దండువు రాజునకు పోవును. పోయినవాని బిడ్డలకు అన్నమెట్లను ప్రశ్నకు ఆ బండ్ల ప్రకరణమున సమాధానము కానరాదు.

మన దేశమున 1855లో వచ్చిన ప్రాణాంతక ప్రమాదముల చట్టము ఆ ప్రశ్నకు కొంత సమాధానము చెప్పినది. తప్పు చేసినవానిపై మృతుని కుటుంబము నష్టపరిహారమునకై దావా వేయవచ్చునని అది విధించినది. కాని తప్పు చేసినవాడు దరిద్రుడైనచో డిక్రీ కాగితముగానే మిగులును. ఈ చిక్కు తీర్చుటకే 1939 నాటి మోటారు వాహనముల చట్టమున నిర్బంధ బీమా చేర్చబడినది. ఆ భాగము 1946 జూలై 1వ తేదీన అమలులోనికి వచ్చినది. ఇప్పుడున్నది 1988 నాటి చట్టము. 2019లో దానికి పెద్ద సవరణ జరిగినది. ఆ సవరణలోని బీమా భాగము 2022 ఏప్రిలు 1 నుండి అమలగుచున్నది.

ఈ చట్టము ప్రకారము బీమా లేక ఏ మోటారు వాహనమును బహిరంగ స్థలమున నడపరాదు. దీనినే మూడవపక్షపు బీమా యందురు. వాహనదారుడు మొదటి పక్షము, బీమా సంస్థ రెండవ పక్షము, దారిన పోవుచు దెబ్బతిన్నవాడు మూడవ పక్షము. ఆ మూడవవాడు ప్రీమియము ఒక్క కాసైనను కట్టలేదు. ఆ పాలసీని చూచియైన నెఱుగడు. అయినను ఆ పాలసీ అతనికొఱకే యున్నది. వాహనదారులందఱును ఏటేట కట్టు ప్రీమియము లన్నియు ఒకచోట చేరి, దెబ్బతిన్న యే కుటుంబమునకైనను ఆసరా యగుచున్నవి. కనుక పరిహారము కోరుట యెవరి కొంపయు ముంచుట కాదు. అడుగకపోయినచో మిగులునది బీమా సంస్థకే గాని కారు యజమానికి గాదు.

ఇప్పుడు మొదటి గంటను గూర్చి చెప్పెదను. అన్నిటికంటె ముందు ప్రాణము. గాయపడినవానిని ఆసుపత్రికి చేర్చినచో సాక్ష్యములని, ఠాణాయని తిరుగవలసి వచ్చునను భయము మనవారికి కలదు. ఆ భయమిప్పుడు అనవసరము. సహాయము చేసినవానిపై సివిలు గాని క్రిమినలు గాని బాధ్యత మోపరాదని చట్టమునందలి 134-ఎ నిబంధనము చెప్పుచున్నది. తన పేరు చెప్పుమని అతనిని నిర్బంధింపరాదని 2020లో వచ్చిన నియమములు పలుకుచున్నవి. 112 సంఖ్యకు ఫోను చేసినచో సహాయము వచ్చును. 2025 మే నెలలో కేంద్ర ప్రభుత్వము ప్రకటించిన పథకము ననుసరించి, మోటారు ప్రమాదమున గాయపడినవానికి నిర్ణీతమైన ఆసుపత్రులలో ప్రమాద దినమునుండి ఏడు దినములవఱకు, లక్షన్నర రూపాయలకు మించకుండ, రొక్కము కట్టనక్కఱలేని చికిత్స లభించును. డబ్బు లేదని ఇంటికి తీసికొనిపోవలదు.

రెండవది, డ్రైవరును కొట్టనీయకుడు. గాయపడినవానికి వైద్యమందునట్లు చూచుట, ఇరువదినాలుగు గంటలలోపల పోలీసులకు తెలుపుట, బీమా సంస్థకు వ్రాతమూలముగా తెలియజేయుట డ్రైవరునకు చట్టము విధించిన పనులు. జనము మీదపడినచో అతడు బండితో సహా పాఱిపోవును. అతనితో పాటు పరిహారమును పోవును. మీరు చేయవలసిన పని బండి సంఖ్య వ్రాసికొనుట. అన్ని వైపులనుండి బండి చిత్రములు ఫోనులో తీయించుడు. డ్రైవరు లైసెన్సును, బండి రిజిస్ట్రేషను పత్రమును, బీమా పాలసీని చూచి సంఖ్యలు గుర్తుంచుకొనుడు. కన్నులార చూచినవారి పేళ్లు ఇద్దఱు ముగ్గురివైనను వ్రాసియుంచుడు.

మూడవది, ఠాణాలో ఫిర్యాదు. ఫిర్యాదు ఏ ఠాణాలో నిచ్చినను తీసికొనవలెను. మా సరిహద్దు కాదని త్రిప్పిపంపరాదు. ఎఫ్.ఐ.ఆర్. ప్రతి ఫిర్యాదిదారునకు ఉచితముగా నీయవలెను. ఠాణా అధికారి వ్రాసికొననన్నచో అదే ఫిర్యాదును తపాలాలో జిల్లా పోలీసు సూపరింటెండెంటునకు పంపవచ్చును. మరణము సంభవించినచో శవపంచనామాయు, శవపరీక్షయు తప్పక జరుగవలెను. శవమును కోయుట మనవారికి మనస్సునకు కష్టమైన సంగతి యని నేనెఱుగుదును. అయినను ఆ నివేదిక లేనిచో మరణమునకు కారణము ఋజువు చేయుట దుర్లభము. గాయపడి బ్రదికినవాని విషయమున ఆసుపత్రివారు వ్రాసిన మొదటి చీటి అట్టిదే. ‘బండిమీదినుండి పడినాడు’ అని వ్రాయించినచో కారును గూర్చిన సాక్ష్యము అచ్చటనే దెబ్బతినును. జరిగినది జరిగినట్లు వ్రాయింపుడు. మందుల బిల్లులు, కట్టుల ఖర్చులు, బాడుగ కారు చీటీలు ఒక సంచిలో వేసి భద్రపఱచుడు.

ఇచ్చట కొందఱు పెద్దలు, “కేసు పెట్టినచో ఆ డ్రైవరు చెఱసాల పాలగును, మనకేల ఆ పాపము?” అందురు. అజాగ్రత్తచే ప్రాణము తీయుట భారతీయ న్యాయ సంహిత 106వ విభాగము క్రింద ఐదేండ్ల వఱకు శిక్షింపదగిన నేరమే. కాని అందు జామీను లభించును; నేరము నిస్సందేహముగ ఋజువైనగాని శిక్ష లేదు. పరిహారపు దావా వేఱు. అచ్చట సంభావ్యతయే ప్రమాణము. క్రిమినలు కోర్టులో డ్రైవరు విడుదలయినను పరిహారము దక్కిన సందర్భములు కలవు. కావున డ్రైవరుపై దయకును, వితంతువు హక్కునకును విరోధము లేదు.

నాలుగవది, పరిహారపు దావా. ఇది విచారించు న్యాయస్థానమునకు మోటారు ప్రమాద పరిహార ట్రిబ్యునలని పేరు. ప్రమాదము జరిగినచోట గాని, దావాదారు కాపురమున్నచోట గాని, ప్రతివాది యున్నచోట గాని వేయవచ్చును. కావున దూరపు జిల్లాలో కూలికిపోయి ప్రాణము కోల్పోయినవాని భార్య తన జిల్లాలోనే వేసికొనవచ్చును. ప్రమాదపు తొలి నివేదికను పోలీసులు నలుబదియెనిమిది గంటలలో ట్రిబ్యునలునకు పంపవలెననియు, పూర్తి నివేదికను మూడు నెలలలో ముగింపవలెననియు నియమము. ఎఫ్.ఐ.ఆర్. లేనిచో ఈ యంత్రమేదియు కదలదు. దావాకు గడువు ప్రమాద దినమునుండి ఆఱు నెలలని సవరించిన చట్టము చెప్పుచున్నది. ఈ గడువు న్యాయమా కాదా యను వాదము సుప్రీంకోర్టువఱకు పోయినది. కావున గడువు దాటినవారును ఆశ వదలక న్యాయవాది నడుగవలెను. గడువులో నున్నవారు మాత్రము ఒక్క దినమును వ్యర్థము చేయరాదు.

పరిహార మెంత యగునో ఉదాహరణముతో చెప్పెదను. ముప్పదిరెండేండ్ల వాడొకడు కూలిచేసి నెలకు 12,000 రూపాయలు తెచ్చుచుండెననుకొందము. అతనిపై భార్య, ఇద్దఱు బిడ్డలు, తల్లి ఆధారపడియున్నారు. నలుబదియేండ్లలోపు వయస్సుగల స్వయం వృత్తివానికి మున్ముందు పెరుగబోవు సంపాదనకై నూటికి నలుబది చేర్చవలెనని 2017లో సుప్రీంకోర్టు తీర్పు. అప్పుడు 16,800 అగును. తన సొంత ఖర్చునకై నాలుగవ వంతు తీసివేయగా కుటుంబమునకు నెలకు 12,600. ఏడాదికి 1,51,200. ముప్పదియొకటి మొదలు ముప్పదియైదేండ్లవఱకు గుణకము పదునాఱని 2009లో ఆ కోర్టే నిర్ణయించినది. 1,51,200ను 16చే గుణింపగా 24,19,200 రూపాయలు. దీనికి తోడు అంత్యక్రియల ఖర్చు, ఆస్తినష్టము, భార్యాబిడ్డలు కోల్పోయిన సాహచర్యము అను పద్దుల క్రింద మఱికొంత చేరును. ఇది లెక్కవేయు పద్ధతి మాత్రమే. తప్పులో కొంత పోయినవానిదియు నున్నచో ఆ మేరకు తగ్గును. సంపాదన ఋజువు కానిచో న్యాయమూర్తి తనకు తోచిన మొత్తము వేయును. అయినను ఒకవైపు ఇరువదినాలుగు లక్షలు, మఱొకవైపు చెట్టుక్రింది ఎనుబదివేలు. మధ్యనున్న యంతరము ఆ బిడ్డల చదువు, ఆ తల్లి మందులు, ఆ యింటి కప్పు.

ఇల్లు దిద్దుకొను స్త్రీ మరణించినచో సంపాదన లేదు గనుక పరిహారము లేదని తలంపకుడు. ఇంటిచాకిరికిని విలువ కట్టవలెనని 2021 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టపఱచినది.

తప్పెవరిదో ఋజువు చేయుట కష్టమైనచోట 164వ నిబంధనము కలదు. దాని క్రింద తప్పు నిరూపింప బనిలేకయే మరణమునకు ఐదు లక్షలు, తీవ్రగాయమునకు రెండున్నర లక్షలు లభించును. కాని యొక హెచ్చరిక. బీమా సంస్థ ప్రతినిధి వచ్చి ఈ ఐదు లక్షలు చూపినప్పుడు తొందరపడి స్వీకరించినచో, పెద్ద మొత్తమునకై వేసిన దావా రద్దగును. సంతకమునకు ముందు పైన చెప్పిన లెక్క వేసి చూడుడు.

గ్రుద్దిన బండి పాఱిపోయి సంఖ్య తెలియనప్పుడును దారి మూసికొనిపోలేదు. 2022 ఏప్రిలు 1 నుండి అమలులోనున్న పథకము క్రింద మరణమునకు రెండు లక్షలు, తీవ్రగాయమునకు ఏబదివేలు ప్రభుత్వపు నిధినుండి వచ్చును. దరఖాస్తును తహసీల్దారు వంటి రెవెన్యూ అధికారి విచారించి జిల్లా కలెక్టరునకు పంపును. ఇందునకును ఎఫ్.ఐ.ఆర్. ప్రతియు, శవపరీక్ష నివేదికయు ముఖ్యము. ఈ పథకము తెలియక ఊరకుండిపోయిన యిండ్లు నేనెఱిగినవే కొన్ని కలవు.

ఇంతవఱకు దెబ్బతిన్నవారిని గూర్చి చెప్పితిని. బండి యజమానులు మీ యిండ్లలోను ఉన్నారు గనుక వారికిని రెండు మాటలు చెప్పవలెను. బీమా లేని బండి యొకరిని గ్రుద్దినచో ఆ లక్షలన్నియు యజమాని పొలముమీద పడును. డ్రైవరునకు తగిన లైసెన్సు లేనిచో, బీమా సంస్థ మొదట బాధితునకు చెల్లించి పిమ్మట యజమానినుండి రాబట్టుకొనుమని కోర్టులు తీర్పు చెప్పుచున్నవి. నేర్పు లేనివానికి పగ్గములిచ్చిన యజమానిదే దండువను పాత న్యాయమే యిది. పదునెనిమిదేండ్లు నిండని బాలునికి మోటారు సైకిలిచ్చినచో, తండ్రికి గాని యజమానికి గాని మూడేండ్ల వఱకు కారాగారమును, 25,000 రూపాయల జుల్మానాయు విధింపవచ్చును.

బండి అమ్మివేసినాము గదా యని నిశ్చింతగా నుండవలదు. రిజిస్ట్రేషను పత్రమున మీ పేరున్నంతవఱకు చట్టము దృష్టిలో యజమాని మీరే. ఈ సంగతి సుప్రీంకోర్టు 2018లో మఱల చెప్పినది. అమ్మిన దినముననే పేరు మార్పు కాగితములు పూర్తి చేయుడు. సరకుల బండిలో ఊరక ఎక్కించుకొనిన మనుష్యులకు ఆ బండి బీమా వర్తింపదు. పెండ్లికని, జాతరకని ట్రాక్టరు తొట్టిలో జనమును నింపునప్పుడు ఈ మాట జ్ఞాపకముంచుకొనుడు.

మఱొక మేలు కూడ తెలిసికొనదగినది. తన బండి తానే నడపుచు, ఎవరి తప్పును లేక, జాఱిపడి మరణించిన యజమానికి మూడవపక్షపు బీమా పనికిరాదు. కాని యజమాని డ్రైవరునకు 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా వేఱుగ కలదు. తగిన లైసెన్సున్న యజమాని పాలసీలో ఇది చేరియున్నచో కుటుంబము అడిగి తీసికొనవచ్చును. ‘తానే పడిపోయినాడు, ఎవరి నడుగుదుము’ అని పాలసీ కాగితము విప్పిచూడకయే పెట్టెలో దాచినవారు ఇంటికి పోయి చదివింపుడు.

ఇక రాజీని గూర్చి తుది మాట. నేను రాజీకి విరోధిని గాను. కలహమును చల్లార్చుట పెద్దల సహజధర్మము. కాని రాజీకి తగిన స్థలము లోక్ అదాలతు. అచ్చట బీమా సంస్థ ప్రతినిధి యుండును, లెక్క జరుగును, కుదిరిన మొత్తము కోర్టు తీర్పుతో సమానమై చెల్లును, దానిపై అప్పీలు లేదు. వితంతువునకు వకీలు ఖర్చు పెట్టు శక్తి లేదన్న చింతయు వలదు. స్త్రీలకును, పిల్లలకును, షెడ్యూల్డు కులములు తెగలవారికిని, వికలాంగులకును, ఆదాయముతో పనిలేకయే న్యాయసేవాధికార సంస్థలు ఉచితముగా వకీలును నియమించును. జిల్లా కోర్టు ఆవరణమున ఆ సంస్థ కార్యాలయముండును. 15100 సంఖ్యకు ఫోను చేసియు సహాయము కోరవచ్చును.

తీర్పు వచ్చిన పిమ్మట దళారులు చేరుదురు. ‘నీకింత, మాకింత’ యని వచ్చిన సొమ్ములో వంతు మాటాడుకొనుట వకీలు వృత్తినియమములకే విరుద్ధము. తెల్లకాగితములమీద వేలిముద్ర వేయనీయకుడు. మైనరు బిడ్డల భాగమును ట్రిబ్యునలు బ్యాంకులో దీర్ఘకాలపు డిపాజిట్టుగా నుంచును. దానిని ముందుగా విడిపింపుమని బంధువులు ఒత్తిడి చేసినప్పుడు ఆ తల్లి ప్రక్కన నిలువవలసినవారు మీరే.

పెద్దలారా, నేను చెప్పినదంతయు జ్ఞాపకముంచుకొనుట కష్టము. ఐదు మాటలు మాత్రము మఱవకుడు. మొదట ఆసుపత్రి, పిదప బండి సంఖ్య, అదే దినమున ఎఫ్.ఐ.ఆర్.; మరణమైనచో శవపరీక్ష; ఆఱు నెలలలోపల ట్రిబ్యునలు. ఈ యైదును జరిగిన పిమ్మట రాజీ మాట యెత్తినను ఆ కుటుంబమునకు నష్టము లేదు. ఈ యైదింటికి ముందు రాజీ చేసినచో, ఎంత మంచి మనస్సుతో చేసినను, ఆ బిడ్డల సొత్తును వారికి తెలియకుండ విడిచిపెట్టినట్లే యగును. ఊరి పెద్ద నోటి మాటకు కోర్టు ముద్రకంటె నెక్కువ బలమున్న గ్రామము లిప్పటికిని కలవు. ఆ బలమును దిక్కులేనివారి పక్షమున వినియోగింపుడని ప్రార్థించి విరమించుచున్నాను.